టెండరు మీది గది

నాది వెనకబడిన ఉద్యోగం. వినయం కొద్దీ అంటున్న మాట కాదు. గూడ్సు బండికి చిట్టచివర తగిలించే గార్డు డబ్బాలో కూర్చునేవాణ్ణి, నా వెనక ఇక పట్టాలే. బెల్లంపల్లిలో బొగ్గు నింపుకొని పెద్దపల్లి వైపు దిగే బండ్ల మీద నా డ్యూటీ. ముందు ఏముందో డ్రైవరుకు తెలిసేది, వెనక ఏం మిగిలిందో నాకు తెలిసేది. మా ఇద్దరి మధ్య బండెడు బొగ్గు.

డబ్బా అంటే ఇనుప చక్రాల మీద ఓ చెక్క గది. ఒక బల్ల, చేత్తో తిప్పే బ్రేకు, నిలబడడానికి చిన్న వరండా. ఇంజన్ కదిలితే ఆ కుదుపు వ్యాగన్ల మీదుగా ఒక్కొక్కటే దాటుకుంటూ వచ్చి నా నడుములో దిగేది. చలికాలంలో ఇంజన్ వాళ్లకు ఎదురుగా కొలిమి, నాకు ఎదురుగా బీడీ. అన్నం గిన్నె కూడా నా దగ్గర ఉండేది కాదు. బయల్దేరే ముందు డ్రైవరుకు ఇస్తే, బాయిలరు పక్కన వెచ్చగా ప్రయాణం చేసేది. నా గిన్నెకున్న హోదా నాకు లేకపోయింది.

శిక్షణ రోజుల్లో మా మాస్టారు ఒక బొమ్మ చూపించారు. జర్మనీలో గూడ్సు లాగే ఇంజన్. ఇంజన్ వెనక బొగ్గునూ నీళ్లనూ మోసే టెండరు ఉంటుంది కదా, దాని మీదే గార్డుకు ఒక చిన్న గది కట్టారు. తలుపు, కిటికీ, సీటు అన్నీ ఉన్నాయి. చివర వేరే డబ్బా అక్కర్లేదు. ఒక డబ్బా బరువు తగ్గుతుందని మాస్టారు వివరిస్తుంటే, నాకు మాత్రం ఆ గదిలో ఎవరో కాళ్లు చాపుకొని పక్కవాళ్లతో ముచ్చట్లు పెడుతున్నట్టు కనిపించింది. ఆ సంగతి మా డ్రైవరుతో చెప్పి చెడ్డాను. కాజీపేట పెద్దమనిషి, అందరం చాచా అనేవాళ్లం. ఆనాటి నుంచి ఆయనకు నేను "జర్మన్ సాబ్".

డెబ్బైల నడుమ మా మేనత్త నాకో సంబంధం తెచ్చింది. చొప్పదండి దగ్గర వ్యవసాయం ఇల్లు. వెళ్లి పిల్లను చూశాను. నాకు నచ్చింది, ఆమె కూడా సరేనందట. ఆ రోజు ఇంట్లో తల్లి లేదు, బోథ్‌లో చెల్లెలి కాన్పుకు వెళ్లింది. తిరిగొచ్చి అడ్డం పడింది. రైలు వాళ్ల మసి బట్టలు ఉతికి ఉతికి బిడ్డ చేతులు పుండ్లవుతాయని ఆమె బెంగ.

"ఇంజన్ల పని గాదు వదినె, గార్డు. తెల్లబట్టల నౌకరి" అని మేనత్త సర్దిచెప్పింది.

"ఇంట్ల కూసుంటె అందరియి ఉతికిన బట్టలే. పని మీద ఉన్నప్పుడు చూస్త, అప్పుడు చెప్త" అందట ఆవిడ.

అలా నా పెళ్లిచూపులు పెద్దపల్లి స్టేషన్‌లో ఖాయమయ్యాయి. ఇంజన్ నీళ్లు పట్టడానికి ఆగుతుంది, ఆ కాస్త సేపట్లో ఆమె నన్ను చూస్తుంది. నేను తెల్ల అంగీ, తెల్ల ప్యాంటు గంజి పెట్టి ఇస్త్రీ చేసుకున్నాను. ఆ గంజికి కూర్చోవడానికే భయమేసింది.

బెల్లంపల్లి యార్డుకు వెళ్లేసరికి నా డబ్బా మీద సుద్దముక్కతో "సిక్" అని రాసి ఉంది. ఇరుసు వేడెక్కిందట. రైల్వేలో పెట్టెకు జ్వరమొస్తే గోడ మీద రాస్తే చాలు, మనిషికైతే డాక్టరు సంతకం కావాలి. వేరే డబ్బా లేదు. అలాంటప్పుడు చివరి వ్యాగన్‌కు తోకదీపం తగిలించి గార్డు ఇంజన్ మీదే రావాలి.

"రాండ్రి జర్మన్ సాబ్!" అన్నారు చాచా. "మీ కమ్ర తయారున్నది."

ఫైర్‌మన్ నవ్వుతూ టెండరు మూలన బొగ్గు పక్కకు నెట్టి, పనిముట్ల పెట్టె మీద గోనెసంచి పరిచాడు. తలుపు లేదు, కిటికీ లేదు. మిగతాదంతా జర్మనీయే.

"ఇయ్యాల నన్ను చూడవస్తున్నరు చాచా" అని గుర్తుచేశాను.

"ఫికర్ నక్కో. బొగ్గు మీద నీళ్లు చల్లినం, దుమ్ము లేవది."

లేచింది. మంచిర్యాల రాకముందే నా గంజి నల్లబడింది. కాని గోదావరి వంతెన మీదికి ఎక్కినప్పుడు ఆ సంగతి మరిచిపోయాను. అన్నాళ్లూ ఆ నదిని వెళ్లిపోతుండగానే చూశాను. ఆ రోజు మొదటిసారి ఎదురొచ్చింది. నీళ్లు, ఇసుకతిన్నెలు, వంతెన ఇనుప కమానులు ఒకటొకటిగా మమ్మల్ని లోపలికి పిలుచుకున్నాయి. చాచా ఒక చేత్తో నా గిన్నె అందించారు. అన్నం మీద రెండు బొగ్గు రేణువులు. ఏరకుండానే తిన్నాను.

పెద్దపల్లిలో పిల్ల తల్లీ తండ్రీ డబ్బా ఆగే చోటు కనుక్కొని అక్కడే కూర్చున్నారట. తీరా చూస్తే మా బండికి తోకదీపమే తప్ప గార్డు లేడు. బండి పొడుగునా నడుచుకుంటూ ఇంజన్ దాకా వచ్చారు.

"ఓ అన్నా, గీ బండికి గార్డు లేడా?" అని పెద్దాయన నన్నే అడిగాడు. తన ఇంట్లో నా చేతికి చాయ్ అందించిన మనిషి!

ఫైర్‌మన్ అటు తిరిగి నవ్వాపుకున్నాడు. లేడని అనేస్తే గండం గడిచేది. కాని పాపం, వచ్చే ప్రతి బండికీ వాళ్లు లేచి నిలబడతారు.

"నేనే మామా" అన్నాను.

"వారీ!" అన్నాడాయన.

ఆవిడ నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసి, నేను అక్కడ లేనట్టే భర్తతో అంది: "తెల్లబట్టల నౌకరన్నరు గద?"

"డబ్బా ఖరాబైంది బెహన్, అందుకే మాతోని వచ్చిండు" అన్నారు చాచా. "రోజు గిట్లుండడు."

"మల్ల ఖరాబైతే?" ఈసారి నన్నే అడిగింది.

"మల్ల గిట్లనే వస్త" అన్నాను. మంచి అబద్ధమేదీ ఆ వేళకు తట్టలేదు.

ఆవిడ వెనక్కి తిరగబోయింది. చాచా తొందరపడి, "ముందుగాల ఆ మొఖం కడుగు" అంటూ రబ్బరు గొట్టం విప్పారు. బొగ్గు తడపడానికి వాడే ఆ గొట్టంలో ఇంజన్ వేడినీళ్లు వస్తాయి. దిగేముందు దాంతో ఒళ్లూ బట్టలూ కడుక్కోవడం ఇంజన్ వాళ్ల ఆనవాయితీ. నేను ముఖం కడిగి, అలవాటు చొప్పున అంగీ కూడా విప్పి, నీళ్లు పట్టే చోట బండ మీద వేసి సబ్బు రుద్దాను. కాబోయే అత్త ముందు బనీను మీద ఉన్నానన్న స్పృహ అప్పుడొచ్చింది. ఇక ఆపినా లాభం లేదు.

"నీ బట్టలు ఎవలు ఉతుకుతరు?" అంది వెనకనుంచి.

"నేనే. అవ్వ బాపు ఊళ్లె ఉంటరు, క్వార్టర్ల నేనొక్కణ్ణే."

"ఇంటున్నవా?" అని భర్త వైపు తిరిగింది. "నీ తువ్వాల నువ్వు ఎన్నడన్న పిండినవా?"

"నడుమ నన్నెందుకు గుంజుతవే?"

నేను మరింత జోరుగా అంగీని బండకేసి బాదాను.

"ఆగు కొడుకా, గట్ల కొడితె గుండీలు పోతయి గని మురికి పోతదా? గల్లకాడ రుద్దాలె." కొంగు నడుముకు దోపి, అంగీ నా చేతిలోంచి లాక్కుని కాలరు దగ్గర తనే రుద్దసాగింది. ఎంతసేపు రుద్దినా అది తెలుపు దాకా రాలేదు, బూడిద రంగు దగ్గరే ఆగిపోయింది.

నీళ్లు పట్టడం అయింది, సిగ్నల్ పడింది. చాచా ఇంజన్ కూత వేశారు.

"అంగి ఇయ్యమ్మా, పోవాలె."

"మురికి పోలె. ఇంటికాడ నీలిమందు పెట్టి ఉతుకుత."

"మల్ల నాకెట్ల?"

"సోమారం వచ్చి తీస్కపో" అంది. "ఒక్కనివి రాకు. అవ్వను, బాపును తోల్కరా."

బనీను మీదే టెండరెక్కి పచ్చజెండా ఊపాను. ఆవిడ అంగీని ఇంకోసారి పిండి సంచిలో పెట్టుకుంటోంది. పెద్దాయన అటూ ఇటూ చూసి, ఇంకా కారుతున్న స్టేషన్ నీళ్లగొట్టం కింద తన తువ్వాల తడిపాడు.