కుప్పానికి కళ్ళజోడు డబ్బాలో వెళ్ళిన ద్రవస్ఫటికం

కుప్పంలోని ఒక ల్యాబులో మైక్రోస్కోపును మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నాకిస్తామన్నారు. అది తప్పితే మళ్ళీ రెండు నెలలకు గానీ దొరకదు. నేను మదనపల్లెలో ద్రవస్ఫటికాల మీద పరిశోధన చేస్తున్నాను. ఫోను తెరల్లో ఉండే పదార్థమే అది. అందులో కంటికి కనిపించనంత చిన్న బంగారు రేణువులు కలిపితే తక్కువ కరెంటుకే కదులుతుందా అన్నది నా ప్రశ్న. ఏడాది కష్టానికి మిగిలింది చిటికెన వేలంత సీసా ఒక్కటే.

పది గంటల బస్సెక్కాను. ఎండ మండిపోతోందని సీసాను ఐసుముక్కలున్న టిఫిన్ డబ్బాలో పెట్టాను. మా ఇంట్లో పాలకైనా, పూలకైనా అదే అలవాటు. పుంగనూరుకు ముప్పావుగంట, టికెట్టు యాభై లోపే. స్టాండులో దిగి మూత తీసి చూశాను. సరుకు తెల్లగా గడ్డకట్టి, రేణువులన్నీ నల్లటి మరకల్లా ఒక మూలకు చేరాయి. గడ్డకడితే అది రేణువుల్ని బయటికి తోసేస్తుందని జూనియర్లకు చెప్పేది నేనే. కరిగించడం తేలికే కానీ ముద్దల్ని విడగొట్టాలంటే శబ్దతరంగాలతో కుదిపే యంత్రం కావాలి. అది మదనపల్లెలో ఉంది. వెనక్కి వెళ్తే రెండింటికి కుప్పం చేరలేను.

అప్పుడు ఎదురుగా కళ్ళజోళ్ళ దుకాణంలో, అద్దాల మురికి వదిలించే చిన్న నీళ్ళ మిషను జుయ్‌మంటూ కనిపించింది. అదీ శబ్దతరంగాలతో పనిచేసేదే. దుకాణం మస్తాన్ భాయ్‌ది. సంగతంతా చెప్పాను.

"ఐసులో యాల పెట్టినావమ్మా? దానికేమన్నా జరమొచ్చిందా?" అన్నాడు.

"బుద్ధి గడ్డి తినింది భాయ్. వేణ్ణీళ్ళు పోసి కాసేపు మిషన్లో పెట్టనిస్తారా?"

"దానికేముండాది. పక్క టీకొట్లో నీళ్ళు కాగతాండాయి, తెస్తా. కూసో."

అరగంటకు సీసాలో మరక లేదు, బంగారు రేణువులు విడివిడిగా ఉంటే వచ్చే పలచటి గులాబీ రంగు ఒక్కటే. నాకు ఊపిరి వచ్చింది. భాయ్ దాన్ని అద్దాలు తుడిచే గుడ్డలో చుట్టి, కళ్ళజోడు డబ్బాలో పెట్టి, "జోబీలో యేసుకో, ఒంటి యెచ్చన సాలు. వచ్చేటప్పుడు ఏమైందో సెప్పిపో" అన్నాడు. డబ్బు తీసుకోలేదు.

పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా రెండింటికి పది నిమిషాల ముందు చేరాను. ల్యాబులో మైక్రోస్కోపు చూసుకునే అమ్మాయి కన్ను ఆనించి, "యాడా ముద్దల్లేవక్కా, సుబ్బరంగా ఉండాది" అంది. ల్యాబులో ఉన్న, రేణువులు కలపని నమూనా కంటే తక్కువ కరెంటుకే నాది కదిలింది. హమ్మయ్య అనుకుంటూ స్టూలు మీద కూలబడి కళ్ళు తుడుచుకున్నాను.

సాయంత్రం పుంగనూరులో దిగి భాయ్‌కి మైక్రోస్కోపులో కనిపించిన రంగుల ఫొటో చూపించాను. ఆయన చూసి, "మురికి పోయేదానికే అనుకుంటి ఇన్నాళ్ళూ" అని మిషను మీద చెయ్యి వేశాడు. తెలిసిన చదువు చేతి అలవాటు ముందు ఓడిపోయిన రోజు నన్ను నిలబెట్టింది ఆయనే. మీరూ ఇలాంటి సరుకుతో బయల్దేరితే ఐసు జోలికి పోకండి. ఒంటికి ఆనేలా జేబులో పెట్టుకోండి. నా సీసా ఇప్పటికీ ఆ కళ్ళజోడు డబ్బాలోనే ఉంది.