చిన్నల్లుడి కంటే రెండంగుళాలు ఎక్కువ

మా పెద్ద బావ చేపల పడవకి సరంగు. దోసెడు నీళ్లు తీసి వాసన చూశాడంటే, అడుగున ఇసుకో రాయో చెప్పేస్తాడు. ఓసారి కింద చేప ఆవలిస్తోందన్నాడు. నేను పక్కనే ఉన్నాను, నమ్మకపోతే మీ ఖర్మ.

అలాంటి మనిషి కడుపు మండించింది చిన్న బావ తన పడవకి కొన్న జీపీఎస్ తెర. పడవ ఎక్కడుందో, లోతెంతో, రాళ్లెక్కడో పటంలో చూపిస్తుంది. అది బిగించిన మర్నాటి నుంచి మా నాన్న, ఆయనా పాత సరంగే, పెద్దల్లుడి స్టీరింగ్ గది వదిలేసి చిన్నల్లుడి పడవెక్కడం మొదలెట్టాడు.

"మామయ్యకి బొమ్మల పిచ్చని ఇన్నాళ్లూ తెలీదురా" అని బావ నెల్లాళ్లు పళ్లు నూరి, చివరికి నన్ను వెంటేసుకుని చిన్న బావ తెర కొన్న కొట్టుకే వెళ్లాడు.

కొట్టతను ఒకటి ఎండలోనూ మసకబారదన్నాడు, ఇంకోదాంట్లో లోతులు తేటగా ఉంటాయన్నాడు. బావ ఒక్క ముక్క వింటే ఒట్టు.

"మా తోడల్లుడిది ఎంత?"

"తొమ్మిదంగుళాలు."

"అచ్చం అదే కావాలి. పదకొండంగుళాలది."

అచ్చం అంటే అచ్చమే ఇచ్చాడు మహానుభావుడు. చిన్న బావ తెర పాడైతే పనికొస్తుందని కొట్లో దాచిన దాని పటం నకలుని ఇందులో దించేశాడు, ఆయన పెట్టుకున్న గుర్తులతో సహా.

రేవులో తెర వెలిగించగానే బావ ఎగిరి గంతేశాడు. "దొరికాడ్రా! చేపలు పడే చోట్లన్నీ ఇవే!"

ఒక్కో గుర్తూ నొక్కాడు. 'అన్నయ్య ఆగిన చోటు ఒకటి.' 'అన్నయ్య ఆగిన చోటు రెండు.' అలా ఇరవై ఆరు. చిన్న బావ మా బావని అన్నయ్యనే పిలుస్తాడు; అన్నీ మా పడవ వల వేసిన చోట్లే.

గట్టు మీదున్న నాన్నని పట్టుకున్నాడు. "ఏంటి మామయ్యా ఇది?"

"నువ్వెక్కడ ఆగితే అక్కడ గుర్తు పెట్టమన్నాను. వాడికి వాసన తెలీదు కదా అల్లుడూ."

"అంటే నా ముక్కు వాడికి పెట్టావన్నమాట! ఇవాళ నా పడవెక్కు."

"నీకు నేనెందుకయ్యా? వాడికే కావాలి" అని నాన్న తువ్వాలు దులుపుకుని చిన్నల్లుడి పడవ వైపే నడిచాడు.

బావ తెర ఆర్పేసి బయల్దేరమన్నాడు. ఆ రోజంతా నీళ్లు వాసన చూసి చూసి, కావాలనే చేప పుట్టని చోట్లే వెతికి ఆగాం. మా వల ఖాళీ. దూరంగా చిన్న బావ పడవ కూడా ఆగినప్పుడల్లా మా బావ మొహం మాత్రం చేటంత అయింది.