పీకేసిన స్పీకర్ కూసిన మధ్యాహ్నం

దయ్యాల్ని నమ్మడం సంగతి తర్వాత, అసలు మనుషుల్నే నమ్మను నేను. బందరులో ఏళ్ళ తరబడి కంప్యూటర్లు బాగుచేస్తూ కూర్చుంటే ఎవరికైనా ఇదే గతి పడుతుంది. షాపు మెట్టెక్కిన ప్రతివాడూ ముందు చెప్పేది ఒకటే మాట: "నేనేం చెయ్యలేదండీ, దానంతటదే పోయింది." దానంతటదే పోయిన కంప్యూటర్ని నేనింతవరకూ చూడలేదు.

కీబోర్డు మీద పాయసం ఒలకబోసి, "చీమలు పట్టాయండీ, వైరసేమో చూడండి" అన్నవాడిని చూశాను. మానిటర్ స్విచ్చి ఆపేసుకుని డేటా అంతా పోయిందని కళ్ళనీళ్ళు పెట్టుకున్న లెక్చరర్ని చూశాను. గుడివాడ నుంచి ఒక పెద్దమనిషి సీపీయూని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చాడు. నా దగ్గర ప్లగ్గు పెట్టగానే నిక్షేపంలా ఆనయింది. వాళ్ళింట్లో ఆ స్విచ్ బోర్డుకు కరెంటే రావడం లేదన్న సంగతి ఆయనకు తట్టలేదు. విండోస్ అప్‌డేట్ అవుతుంటే ఆలస్యమవుతోందని మధ్యలో వైరు పీకేసి, మర్నాడొచ్చి నా మీద ఎగిరేవాళ్ళకు లెక్కే లేదు. "దిష్టి తగిలిందండీ" అని కూడా అంటారు. దిష్టీ లేదు, నా మొహమూ లేదు, దుమ్ము.

అందుకని ఇది దయ్యం కథ అని నేను చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మానెయ్యండి.

రాంబాబుది దివిసీమ. నాగాయలంక అవతల రొయ్యల చెరువు చేస్తాడు. ఒకరోజు పొద్దున్నే సీపీయూని గోనెసంచిలో చుట్టి, బైకు వెనక తాళ్ళతో బిగించి తీసుకొచ్చాడు. ఆ దార్లో, ఆ గోతుల్లో, బైకు మీద! అంతటితోనే సగం గౌరవం పోయింది నాకు.

"మాస్టారూ, ఇది ఆపేసినా కూస్తోందండీ" అన్నాడు.

ఆ కంప్యూటర్ చెరువు గట్టు మీద షెడ్డులో ఉండేదట. నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో చూసే మీటరు ఒకటి చెరువులో ఉంటుంది, దాని వైరు దీనికి కలిపి ఉంటుంది. ఆక్సిజన్ తగ్గితే కంప్యూటర్ లోపలున్న చిన్న స్పీకర్ కీచుమని అరుస్తుంది. వెంటనే ఏరియేటర్లు, అంటే నీళ్ళు చిలికే ఫ్యాన్లు, వెయ్యాలి. లేకపోతే రొయ్యలు చచ్చి తేలిపోతాయి. ఈ ఏర్పాటంతా రాంబాబు అన్నయ్య సత్యం చేయించాడు. ఆయన కిందటేడు అదే చెరువులో దిగి, ఏరియేటర్‌కు చుట్టుకున్న నాచు తీస్తూ కరెంటు కొట్టి చనిపోయాడు.

"అన్నయ్య పోయినప్పట్నుంచీ ఇదే వరసండీ. దానిష్టమొచ్చినప్పుడు కూస్తుంది. కరెంటు లేకపోయినా కూస్తుంది. మా ఆవిడ దీన్ని తీసుకెళ్ళి కృష్ణలో పారెయ్యమంటోంది. పారేస్తే ఎట్టాగండీ? రొయ్యలు పట్టే రోజులు దగ్గరికొచ్చాయి. ఇది లేకపోతే అస్తమానం నేనే చెరువు మీదుండాలి, ఏదన్నా అయితే నేనే దిగాలి. నేను నీళ్ళలో దిగుతానంటే మా ఆవిడ అన్నం మానేస్తుందండీ."

అన్నయ్య పోయిన చోటే తమ్ముడూ పోతాడేమోనని ఆ ఇల్లాలి భయం. ఆ ముక్క నాకు అర్థమైంది. అర్థమయ్యీ నవ్వే వచ్చింది. అన్నయ్య ఆత్మ వచ్చి మదర్‌బోర్డులో కాపురం పెట్టిందని ఆ మొగుడూపెళ్ళాలిద్దరూ నిజంగానే అనుకుంటున్నారు. ఆత్మలకు ఇంతకన్నా మంచి చోటు దొరకలేదు కాబోలు.

అతని ఎదురుగానే కేబినెట్ విప్పాను. ఏటా దసరాకు ఆయుధ పూజ చేస్తారు గదా, చేస్తే చేశారు. బొట్టు ఎక్కడ పెట్టారయ్యా అంటే సరిగ్గా పవర్ బటన్ మీద! నిరుటి బొట్టు తుడవకుండా దాని మీదే ఈయేటి బొట్టు. పసుపూ కుంకుమా పిండి ముద్దలా గట్టిపడి బటన్‌ని లోపలికి నొక్కి పట్టేశాయి. సాంబ్రాణి మసి ఫ్యాను రెక్కలకు తారులా పట్టింది. ఉప్పుగాలికి ర్యామ్ అంచులు చిలుమెక్కి పచ్చగా ఉన్నాయి. కరెంటు సరఫరా చేసే డబ్బాలో, అదే ఎస్‌ఎంపీఎస్‌లో, ఎండిపోయిన బల్లి ఒకటి.

ఆ బల్లిని స్క్రూడ్రైవర్‌తో ఎత్తి చూపించాను. "ఇదిగోనయ్యా నీ దయ్యం. బటన్ నొక్కుకుపోయి ఉంది కాబట్టి దానంతటదే ఆనవుతోంది. ర్యామ్ అందడం లేదు కాబట్టి కూస్తోంది. దీనికి మీ అన్నయ్యని పరలోకం నుంచి పిలిపించాలా? బొట్టు పెట్టడానికున్న భక్తి దులపడానికి లేకపోయె."

"మరి కరెంటు లేనప్పుడు కూసిందండీ..."

"కరెంటు పోతే యూపీఎస్ కూస్తుంది. ఆ మాత్రం తెలీదూ?"

"యూపీఎస్ కాలిపోయి అటకెక్కిందండీ. ఇప్పుడు అసలు లేదు."

వీళ్ళతో వాదిస్తే మన నోరే నొప్పి. "రెండ్రోజులాగి రా" అని పంపేశాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనం చేసొచ్చి దాన్ని పూర్తిగా విప్పాను. ఇక్కడి నుంచి కొంచెం జాగ్రత్తగా చదవండి. ఎస్‌ఎంపీఎస్ ఊడదీసి కిటికీలో పెట్టాను. హార్డ్ డిస్కు సొరుగులో ఉంది. ర్యామ్ నా చేతిలో ఉంది, పెన్సిల్ రబ్బరుతో దాని అంచులు రుద్దుతున్నాను. మదర్‌బోర్డు మీదుండే బిళ్ళ బ్యాటరీ కూడా తీసి సీసా మూతలో వేశాను. మదర్‌బోర్డు టేబుల్ మీద పాత పేపరు పరిచి దాని మీద పెట్టాను. దానికింకా అంటిపెట్టుకుని ఉన్నది ఆ చిన్న స్పీకర్ ఒక్కటే. చొక్కా గుండీ అంత ఉంటుంది, రెండు సన్నటి వైర్లు. పైగా మా వీధిలో కరెంటు పోయింది. మబ్బు పట్టి గాలాడక చెమటలు కారిపోతున్నాయి.

అప్పుడు కూసింది.

ర్యామ్ లేకపోతే కంప్యూటర్లు కూసే కూత నాకు తెలుసు, ఆగి ఆగి వస్తుంది. ఇది అలా కాదు. ఆపకుండా, చెవి పక్కన ఈల వేసినట్టు ఒకటే కూత. ముందు నా ఫోననుకున్నాను. తర్వాత వీధిలో ఏదో అనుకున్నాను. వంగి చెవి పెడితే స్పీకర్ దగ్గర్నుంచే వస్తోంది.

పక్కనే జిరాక్స్ షాపు నడిపే సుబ్బలక్ష్మిగారు గుమ్మంలోకొచ్చారు. ఆవిడ నాకన్నా గట్టి మనిషి, గుడికెళ్ళినా చెప్పులెక్కడ విడిచామా అనే చూసుకునే రకం.

"ఏవండీ, ఆ గోలేంటండీ? కరెంటు పోయినప్పుడన్నా కాసేపు ప్రశాంతంగా ఉండనివ్వరా?" అని, టేబుల్ వంక చూసి ఆగిపోయారు. "అదేంటండీ, దానికి వైరే లేదు గదా!"

"నాక్కూడా కళ్ళున్నాయమ్మా" అన్నాను.

ఒళ్ళు మండిపోయింది నాకు. భయం కాదు, కోపం. స్పీకర్ వైర్లు రెండూ బోర్డు నుంచి పీకేశాను. పీకి అరచేతిలో పెట్టుకున్నాను. నా అరచేతిలో కూసింది. ఆ అదురు చర్మానికి తెలుస్తూనే ఉంది. సుబ్బలక్ష్మిగారు, "అమ్మ బాబోయ్, ముందు దాన్ని అవతల పారెయ్యండి" అంటూ వెనక్కి తగ్గారు.

ఈ రాంబాబు నన్ను వెర్రివాణ్ణి చేద్దామని ఇందులో ఏదో దాచి తెచ్చాడనుకున్నాను. ఫోన్ తీసి రాంబాబుకి చేశాను, నాలుగు తిడదామని. ఎత్తలేదు. నేను ఎవరికైనా ఒకసారి చేస్తాను. ఎత్తకపోతే వాళ్ళ ఖర్మ, అవసరం వాళ్ళది గదా! ఆ రోజు మాత్రం వదల్లేదు. మళ్ళీ చేశాను, మళ్ళీ చేశాను, మళ్ళీ చేశాను. ఒక చేతిలో ఇది కూస్తోంది, రెండో చేతిలో అక్కడి ఫోన్ మోగుతూనే ఉంది. పట్టుదల పెరిగిపోయింది నాకు.

చివరికి ఎత్తాడు. ఆయాసపడుతున్నాడు. "చెప్పండి మాస్టారూ, నీళ్ళలో ఉన్నానండీ, ఇప్పుడే గట్టెక్కాను."

"ఏం పెట్టి తెచ్చావురా ఇందులో? నీకు నేనెలా కనపడుతున్నాను? పనీపాటా లేనివాణ్ణనుకున్నావా?" అని అందుకున్నాను. అలా ఎంతసేపు తిట్టానో గుర్తులేదు. అతను "అది కాదండీ, అది కాదండీ" అంటున్నాడు. ఆ మధ్యలో అటువైపు నూనెలో నీళ్ళు పడ్డట్టు చిటపటమని పెద్ద చప్పుడైంది. ఎవరో కేకేశారు. రాంబాబు "ఓరి నాయనో" అన్నాడు, అంతే.

నా చేతిలో స్పీకర్ ఆగిపోయింది. ఆ చప్పుడుకు ముందు ఆగిందో, తర్వాత ఆగిందో ఒట్టేసి చెప్పలేను. సుబ్బలక్ష్మిగారిని అడిగితే సరిగ్గా అప్పుడే ఆగిందంటారు.

కాసేపటికి అతనే ఫోన్ చేశాడు. ఏడుస్తున్నాడు. జరిగింది ఇదీ. మబ్బు పట్టి నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పైకి తేలడం మొదలుపెట్టాయి. చూస్తే ఏరియేటర్‌కు నాచు చుట్టుకుని తిరగడం లేదు. అన్నయ్య గుర్తొచ్చి మోటారు స్టార్టర్ ఆపేసే దిగాడు. కానీ స్తంభం నుంచి షెడ్డుకు చెరువు మీదుగా వచ్చే వైరులో స్టార్టర్ ఆపినా కరెంటుంటుంది. ఆ వైరు అతుకు ఉప్పుగాలికి తిని తిని ఉంది. అది తెగి, అప్పటిదాకా అతను నడుంలోతు నీళ్ళలో నిలబడ్డ చోట పడింది. గట్టు మీద ఫోన్ మోగుతుంటే అతను మొదట పట్టించుకోలేదట. ఎంతకీ ఆగకపోయేసరికి ఇంట్లో ఎవరికో ఏదో అయిందని భయపడి పైకొచ్చాడు.

ఆ స్పీకర్‌ని సీసా మూతలో బ్యాటరీ పక్కన పెట్టి స్టూలు మీద కూర్చున్నాను.

విజయవాడలో ఎలక్ట్రానిక్స్ చెప్పే స్నేహితుడొకడున్నాడు, ఆ స్పీకర్ పట్టుకెళ్ళి అతన్ని అడిగాను. కెపాసిటర్లలో మిగిలిన కరెంటు అన్నాడు. అది ఒక్క చిటికెకన్నా కూయించదని నాకూ తెలుసు, అతనికీ తెలుసు. బోర్డు నుంచి పీకేశాక కూసింది గదా అంటే, "నువ్వు సరిగ్గా చూసుండవులే" అన్నాడు. నా షాపుకొచ్చినవాళ్ళతో నేను మాట్లాడే తీరు అచ్చం అదే. వాడి చెంప పగలగొట్టాలనిపించింది.

వారం తిరక్కుండా రాంబాబు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. డబ్బా నిండా రొయ్యలు తెచ్చారు. ఆ అమ్మాయి కళ్ళొత్తుకుంటూ, మా బావగారే కాపాడారంటూ, టేబుల్ మీదున్న ఆ ఖాళీ డొక్కుకి దండం పెట్టబోయింది.

నాకు చిర్రెత్తింది. "ఏ బావగారమ్మా? ఫోన్ చేసింది నేను! అదీ మీ ఆయన్ని కాపాడ్డానికి కాదు, తిట్టడానికి" అన్నాను.

రాంబాబు చిన్నగా నవ్వాడు. "మా అన్నయ్య కూడా అంతేనండీ. తిట్టడానికి తప్ప నాకెప్పుడూ ఫోన్ చేసేవాడు కాదు. ఎత్తేదాకా వదిలేవాడు కాదు."

నేను రొయ్యల డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టాను.

వెళ్ళేటప్పుడు ఆ అమ్మాయి గుమ్మంలో ఆగింది. "మాస్టారూ, మీకెప్పుడన్నా కోపమొస్తే ఈయనకి ఫోన్ చెయ్యండి. ఎవరో ఒకరు తిడుతుంటే నాకు ధైర్యంగా ఉంటుంది" అంది.

ఇలాంటి మాటలు నా ముందు ఎవరన్నా అంటే ఊరుకునే మనిషిని కాను. అలాగేనమ్మా అన్నాను.

ఇప్పటికీ దయ్యాల్ని నమ్మను. పీకేసిన స్పీకర్ ఎలా కూసిందో, ఒక్కసారికి మించి ఎవరికీ చెయ్యని నేను ఆ రోజు అన్నిసార్లు ఎందుకు చేశానో ఎవరన్నా చెప్తారేమోనని చూస్తున్నాను, ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. మబ్బు పట్టినప్పుడు మాత్రం రాంబాబుకి ఫోన్ చేసి ఏదో ఒకటి పట్టుకుని తిడుతుంటాను. అతను ఎత్తేదాకా చేస్తూనే ఉంటాను.