లక్షమంది కోసం కట్టిన పొట్లాలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో మాకో జబ్బు ఉండేది. ఎప్పుడో రాబోయే లక్షమంది గురించి బెంగపడుతూ, ఎదురుగా ఉన్న అరవైమందిని మరిచిపోవడం. పత్రికలో చేరకముందు దేశ రాజధానిలోని సాకేత్‌లో వెబ్‌సైట్లు తయారుచేసే ఒక రెండు గదుల ఆఫీసులో పనిచేశాను. మా బాసుకు నేను పెట్టుకున్న పేరు ‘లక్ష సార్’. మాకున్న కస్టమరు ఒక్కరే, కట్వారియా సరాయ్‌లో మెస్సు నడిపే గుడివాడ ఆంటీ. సివిల్స్‌కు చదివే అరవైమంది తెలుగు కుర్రాళ్లు మా వెబ్‌సైటులో నెల భోజనం ముందే చెప్పుకునేవారు. ఆంటీ కేరియర్లు వాళ్ల గదులకు వెళ్లేవి.

పాత పద్ధతిలో అన్నీ పట్టికలు. చిరునామా ఒక పట్టికలో, భోజనం మరో పట్టికలో ఉండేవి. భోజనం బయల్దేరేముందు చిరునామా అడిగి తెలుసుకునేది. లక్ష సార్‌కు అది నచ్చలేదు. “రేపు లక్షమంది ఒక్కసారే అన్నం అడిగితే ఏం జేస్తవ్? గీ పట్టికలు తీసెయ్. ఒక్కో భోజనానికి పేరు, రూము, కూర అన్నీ కలిపి పొట్లం కట్టు. ఎవర్నీ అడిగే పనుండొద్దు” అన్నాడు. నేను ఉత్సాహంగా నెల భోజనాలన్నీ కంప్యూటర్లోనే పొట్లాలు కట్టేశాను. ఆంటీకి వివరించబోతే, “అదంతా నాకెందుకు బాబూ, అన్నం వేడిగా వెళ్తుందా లేదా?” అంది. వెళ్తుందన్నాను. (వెళ్లింది కూడా, వేడిగానే.)

మేం మరిచిందల్లా సివిల్స్ కుర్రాళ్ల ఆచారం. ప్రిలిమ్స్ పోయిన గదిలో వాళ్లు మళ్లీ పుస్తకం తెరవరు. ఫలితాలు రాగానే సగంమంది గదులు మారిపోయారు, అదీ ఒకరి గదిలోకి ఒకరు. అందరూ బుద్ధిగా వెబ్‌సైటులో చిరునామా మార్చుకున్నారు. కానీ కట్టేసిన ప్రతి పొట్లంలోనూ పాత గదే ఉండిపోయింది. (పరీక్షించామా అంటే, పరీక్షించాం. లక్ష సార్ పేరుతో, ఆఫీసు చిరునామాతో. ఆయన కుర్చీలోంచే కదిలేవాడు కాదు.)

మధ్యాహ్నం ఆంటీ ఫోను. “పిల్లలంతా నా గుమ్మంలో ఉన్నారు. మీ లక్షమందీ వచ్చేశారేమో చూసుకోండి!”

పరుగెత్తాం. కర్నూలు కుర్రాడు ఒకడు (నాలుగోసారి రాస్తున్నాడు కాబట్టి ‘నాలుగో అటెంప్టు’ అనేవాళ్లం) నా చొక్కా పట్టుకున్నంత పని చేశాడు. “నా సంగటి నా పాత రూముకు పోయిందన్నా. ఆడ ఎవుడో తింటాండాడు. స్పూనుతో తింటాండాడన్నా, స్పూనుతో!”

ఆంటీ ఉన్నదంతా వడ్డించి, చేతులు తుడుచుకుంటూ అంది: “పస్తు పెట్టే మెస్సని పేరొస్తే నేను మూసుకోవాల్సిందే. రేపు కూడా ఇలాగే అయితే మీకూ నాకూ సెలవు.” ఆంటీ సెలవంటే మా ఆఫీసుకు తాళం. వడ్డనలో చెయ్యి వేసిన లక్ష సార్ పప్పు గరిటె కింద పెట్టాడు.

ఆ సాయంత్రమంతా కూర్చుని, గది మారితే ఆ మనిషి పొట్లాలన్నిట్లో చిరునామా మారేలా చేశాను. మర్నాడు భోజనాల వేళ ఇద్దరం ఫోను వంకే చూస్తూ కూర్చున్నాం. మోగింది. నాలుగో అటెంప్టు.

“సంగటి వచ్చిందన్నా. కానీ ఆ స్పూనోడు నా రూముకొచ్చి కూర్చున్యాడు. మన మెస్సులో లేనోడు, ఇప్పుడు వానికీ దినామూ సంగటే కావాలంట.”

లక్ష సార్ కుర్చీలోంచి లేచాడు. “చూసినవా? షురూ అయింది! ఇంకెంతమంది రావాలె?”

“లక్షకు కొంచెం తక్కువ, సార్” అన్నాను.

ఈ మధ్య ఇల్లు మారాను. బ్యాంకు, గ్యాసు, బీమా, ఎవరి దగ్గర నా చిరునామా వారి దగ్గరే ఉంది. అందరికీ వేరువేరుగా చెప్పుకున్నాను, ఒక్కరిని మరిచాను. పాత ఇంట్లోంచి ఓ కుర్రాడు ఫోన్ చేశాడు. “అంకుల్, ఆప్‌కా ఖానా యహా ఆ గయా.” నేను ఆర్డరిచ్చిన భోజనం అక్కడికి వెళ్లిందట. వేడిగా ఉందా అని అడిగాను. ఉందన్నాడు.

తినెయ్ బాబూ అన్నాను. స్పూనుతోనా, చేత్తోనా అని మాత్రం అడగలేదు.