మా పెరటి లైట్లు, పక్కింటి దుప్పటి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. తెలియనివన్నీ ఆ తర్వాతే ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. ఇరవై నాలుగేళ్ళ వయసు, చేతిలో ఎలక్ట్రికల్ బీటెక్ పట్టా, ద్వారకా నగర్‌లో ఓ చిన్న ఆఫీసులో ఉద్యోగం, కొత్తగా పెళ్ళి. ఇన్నీ ఒకేసారి వచ్చి పడితే మనిషికి కాళ్ళు నేల మీద ఎలా ఆనుతాయి చెప్పండి. (ఆఫీసులో నేను చేసేది కరెంటు పనేం కాదు, ఎవరెవరో నింపిన దరఖాస్తుల్ని కంప్యూటర్లోకి ఎక్కించడం. కాలేజీ ల్యాబులో కూడా వైర్లు ముట్టుకునేది నా పక్క పిల్ల, రికార్డు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేది నేను. ఈ సంగతి మా అత్తవారింట్లో ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు.)

మా అత్తవారిది గోదావరి వైపు. మావయ్యగారు స్టీలు ప్లాంటు ఉద్యోగానికని విశాఖపట్నం వచ్చి, రిటైరయ్యాక ఉక్కునగరం క్వార్టరు ఖాళీ చేసి, ఆ దగ్గర్లోనే ఒక కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. ఇంటి వెనక చిన్న పెరడు. ఒక మునగచెట్టు, నాలుగు మందారాలు, బట్టలుతికే బండ, ఓ మూల బాత్రూము. పెరట్లో బల్బుకి లాగిన వైరు ప్రతి వానాకాలం ఏదో ఒక పేచీ పెట్టేది. నేను కాపురానికొచ్చిన ఏడాది శ్రావణమాసంలో ఓ సాయంత్రం అత్తయ్య తడిచేత్తో ఆ స్విచ్చి వేసి షాకు తిన్నారు. ఆవిడ కేక విని గోడ దూకి వచ్చి మెయిను ఆపింది పక్కింటాయన. ఆయన పోర్టు వైపు ఒక ప్రైవేటు యార్డులో క్రేను నడుపుతాడు. మా ఆయన్ని ‘బావా’ అని పిలుస్తాడు కాబట్టి నాకు అన్నయ్య వరస. నేను ఆయన్ని క్రేనన్నయ్య అనేదాన్ని, ఆయన భార్యని వదిన అనేదాన్ని. అత్తయ్యకి దెబ్బేం తగల్లేదు గాని, భయం పట్టుకుంది. చీకటి పడితే పెరట్లోకి ఆవిడ ఒక్కరే వెళ్ళేవారు కాదు. బాత్రూముకి వెళ్ళాలన్నా నా చెయ్యి పట్టుకుని, గట్టు మీద నిలబడి రెండుసార్లు దేవుణ్ణి తలుచుకునేవారు.

“ఇంక ఆ వైరు పీకేసి సోలార్ లైట్లు పెట్టేద్దామండి. ఏవి కొనాలో అమ్మాయి చూస్తుంది. నాలుగేళ్ళు కరెంటు చదివిన పిల్ల ఇంట్లో ఉండగా ఇంకొకళ్ళని అడగడమేంటి?” అన్నారు మావయ్యగారు, అందరం భోజనానికి కూర్చున్నప్పుడు. (ఆయన భార్యని కూడా ‘అండీ’ అంటారు, పిల్లిని కూడా.) ఆ మాటతో నేను రెండంగుళాలు పొడుగు పెరిగాను. ఆఫీసు కంప్యూటర్లో పెద్ద పట్టిక వేశాను. వాట్లెన్ని, వెలుగెంత, బ్యాటరీ ఎంత, వానకి తడిస్తే ఏమవుతుంది, అన్నీ గళ్ళు గళ్ళుగా రాశాను. పట్టికలో అన్నిటికంటే ఎక్కువ వెలుగున్నది ఏదో, అదే అన్నిటికంటే మంచిది. నా శాస్త్రం అంతే.

మా ఆయన్ని వెంటేసుకుని పాత టౌన్లో లైట్లమ్మే సాహెబుగారి కొట్టుకి వెళ్ళాను. మావయ్యగారికి పాత పరిచయం. తెల్లగడ్డం, మెడలో కళ్ళజోడు తాడు. నా పట్టిక కాగితం పక్కన పెట్టి, “బేటీ, పెరట్లో ఎండ ఎన్ని గంటలు పడతాది? సాయంత్రం అక్కడ మీకు పనేటి? ఎదర ఎవరి కిటికీ ఉంది?” అని అడిగారు.

మొదటి రెండిటికీ ఏదో చెప్పాను. మూడోదానికి మాత్రం ఒళ్ళు మండింది. “మా పెరటికి మా వెలుగు. ఎవరి కిటికీతో మాకేం పనండీ?” అన్నాను.

ఆయన నొచ్చుకోలేదు. మోకాలెత్తు ఉండే చిన్న పసుప్పచ్చ దీపాలు నాలుగు తీసి బల్ల మీద పెట్టారు. “ఇయి సాల్తాయమ్మా. పెద్దామెకి కాలు ఎక్కడ ఎడతన్నాదో తెలిస్తే సాలు గదా. ఎలుగు కాళ్ళకాడుండాల, కళ్ళల్లో కాదు.”

అమ్ముడుపోని సరుకు నాకు అంటగడుతున్నారని అనుకున్నాను. (అనుకుని ఊరుకోలేదు, మా ఆయన చెవిలో సాహెబుగారికి కూడా వినపడేంత రహస్యంగా చెప్పాను కూడా.) గోడకి బిగించే పెద్ద లైట్లే కావాలన్నాను. మనిషి అలికిడి తగిలితే భగ్గున వెలిగే రకం. పోనీ ఒకటి పట్టుకెళ్ళి చూడమన్నారు. నేను రెండు తీసుకున్నాను.

ఆ ఆదివారం నేను కింద నిలబడి చెయ్యి చూపిస్తూ ఉంటే మా ఆయన నిచ్చెనెక్కి బిగించారు. ‘ఇంకొంచెం పైకి, ఇంకొంచెం అటు’ అని నేను చెప్పిన ఆ ‘అటు’లోనే ఉంది పక్కింటి పడగ్గది కిటికీ. అప్పుడది నాకు కిటికీలా కనపడలేదు, గోడలో ఓ భాగంలా కనపడింది. పొద్దుగూకగానే అందరం పెరటి గుమ్మంలో నిలబడ్డాం. అత్తయ్య ఒక అడుగు వేశారో లేదో, మునగాకు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత వెలుగు. “ఏంటమ్మాయ్, ఓడలోంచి సరుకు దింపుతున్నట్టుంది!” అన్నారు మావయ్యగారు సంబరంగా. అత్తయ్య మాత్రం బండ దాకా వెళ్ళి, ఒక్కరే వెనక్కి వచ్చి, నా బుగ్గలు పుణికి మెటికలు విరిచారు. ఆ రోజు నా పట్టా మొదటిసారి పనికొచ్చిందనుకున్నాను. పిల్లి గోడ మీద నడిస్తే లైటు వెలిగేది, మునగకొమ్మ ఊగితే వెలిగేది, సముద్రపు గాలికి తీగ మీద తువ్వాలు కదిలితే వెలిగేది. వెలిగినప్పుడల్లా నాకు సంతోషమే, చూశారా ఎంత చురుకైన లైటో అని.

పది రోజులకి పక్కింటి కిటికీకి లోపల్నుంచి ఒక చారల దుప్పటి వేలాడింది. ఇంకో నాలుగు రోజులకి దుప్పటి వెనక ఫ్రిజ్ అట్టపెట్టె కూడా చేరింది. వదిన గోడ మీంచి పలకరించడం తగ్గించింది. క్రేనన్నయ్య గేటు దగ్గర కనపడితే కళ్ళు ఎర్రగా, మొహం పీక్కుపోయి ఉండేది. ఇవన్నీ చూసి నాలుగేళ్ళు చదివిన పిల్ల ఏం తేల్చింది? వీళ్ళకి మా మీద కుళ్ళు అని. సాయంత్రాలు పార్కులో నడిచే ఆడవాళ్ళ గుంపులో ఆ మాట చెప్పకుండా ఉండలేకపోయాను. “మా వెలుగు చూడలేక కిటికీ మూసేసుకున్నారండీ పాపం” అన్నాను. ఒకరిద్దరు నవ్వారు. నవ్వారు కదా అని మర్నాడు మళ్ళీ చెప్పాను.

ఆ మరుసటి ఆదివారం పొద్దున్న వదిన మా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో మడత పెట్టిన కాగితం. “అమ్మా, నువ్వు సదువుకున్నదానివి. మీ అన్నయ్యకి మెమో ఇచ్చినారు. ఇంగ్లీషులో జవాబు రాయాలంట. కూసింత రాసి పెడతావేటి?” అంది. నేను హుందాగా పెన్ను తీసుకుని వెళ్ళాను. క్రేనన్నయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. పట్టపగలు గదిలో చీకటి. కాగితం వెలుతురుకి పెట్టి చదివాను. డ్యూటీలో ఉండగా క్రేను క్యాబిన్లో నిద్రపోయాడట. బరువు గాల్లో వేలాడుతుంటే కింద జనం అయిదు నిమిషాలు అరిచారట. ఎవరికీ ఏమీ కాలేదు. ఉద్యోగంలోంచి ఎందుకు తీసెయ్యకూడదో మూడు రోజుల్లో చెప్పాలట.

“ఒంట్లో బాగోనేదని రాసెయ్ సెల్లెమ్మా” అన్నాడు ఆయన.

“అలా రాస్తే నిలబడదు అన్నయ్యా. అసలు కారణం రాయాలి. నిద్ర ఎందుకు చాలలేదు?”

ఆయన నేల చూపులు చూశాడు. “పొద్దున్న ఆరుకి డ్యూటీ గదా. నాలుక్కి లేవాల.”

“అంటే ఎనిమిదింటికల్లా పడుకోవాలి. ఎందుకు పడుకోవడం లేదు? ఫోను చూస్తున్నావా?” అని గద్దించాను కూడా. ఆ గద్దింపు తలుచుకుంటే ఇప్పటికీ ఎవరూ లేని గదిలోనైనా సరే నాకు మొహం దాచుకోవాలనిపిస్తుంది.

వదిన ఇంక ఆగలేకపోయింది. “మీ లైటే గదమ్మా! పడుకుంటే సాలు, ఆరతది, ఎలుగుతది, ఆరతది, ఎలుగుతది. దుప్పటి ఏసినా ఆగనేదు, అట్ట ఎట్టినా సందులోంచి వొచ్చేత్తంది. నువ్వు పార్కులో ఏటో అన్నావంట. నిజమేనమ్మా, మీ ఎలుగు సూడనేకపోతన్నాం. కళ్ళు మండిపోతన్నాయి.”

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే ఎదురు జవాబు చెప్పి గట్టెక్కేదాన్ని. పెన్ను మూత పెట్టి, “ఒక్క మాట చెప్పొచ్చు కదా వదినా” అన్నాను.

“సెప్దామనే అనుకున్నాం” అన్నాడు క్రేనన్నయ్య, తనే ఏదో తప్పు చేసినవాడిలా. “పెద్దమ్మ ఆ లైటొచ్చినకాడ్నుంచి ఒక్కర్తీ పెరట్లోకి వత్తన్నాది. మల్లీ దడుసుకుంటాదేమోనని నానే వద్దన్నాను.”

ఇంటికి వచ్చాను. వంటింట్లో అత్తయ్యతో అంతా చెప్పేశాను, పార్కు మాటతో సహా. ఆవిడ కూర తరగడం ఆపేశారు. “నా భయం కోసం ఆ అబ్బాయి నిద్ర పాడుచేశామా? ముందు అది తీయించండి” అని కేకేశారు. మావయ్యగారు గోనెసంచి పట్టుకుని నిచ్చెనెక్కి పక్కింటి కిటికీ వైపున్న లైటు మీద కప్పేశారు. కప్పగానే లోపల్నుంచి అది నిండు వెలుగుతో వెలిగింది. ఎండ తగలకపోతే రాత్రయిందనుకుంటుందట. మావయ్యగారు సంచి తీశారు, ఆరింది. కప్పారు, వెలిగింది. “ఏంటమ్మాయ్ ఇది?” అని నా వైపు చూశారు. నేను మందారాల వైపు చూశాను. చివరికి లైటు అడుగున చిన్న మీట ఉందని కనిపెట్టి, గోడ పక్క నుంచి చీపురుపుల్లతో చూపించింది అత్తయ్య. ఆవిడ నాలుగో క్లాసు చదివారు.

జవాబులో నిజమే రాశాను. పక్కింటివాళ్ళు తప్పుగా బిగించిన లైటు వల్ల నిద్ర లేదని, ఆ లైటు తీసేశామని. మీ ఇంటి ఊసు వద్దని క్రేనన్నయ్య బతిమాలినా వినలేదు. ఆ రాసింది ఎవరూ నమ్మరేమోనన్న దిగులుతో మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి, మా ఆయనతోపాటు క్రేనన్నయ్య వెంట యార్డుకి నేనూ వెళ్ళాను. అక్కడి సూపర్‌వైజరు కాగితం చదివి, నన్ను పైకీ కిందకీ చూసి, “ఇన్నాళ్ళ సర్వీసులో మెమోకి జవాబుతోపాటు లైటు కొన్నావిడ కూడా రావడం ఇదే మొదటిసారి” అన్నాడు. అక్కడున్న నలుగురూ నవ్వారు. నేను నవ్వలేదు. “ఆ లైటు నేనే ఎంచానండి. నేనే అటు తిప్పించాను. ఆయన తప్పేం లేదు” అన్నాను, పాఠం అప్పజెప్పే పిల్లలాగ. హెచ్చరించి వదిలేశారు. బయటికొచ్చాక క్రేనన్నయ్య మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, “బావా, టీ తాగుదారి పద” అన్నాడు.

లైట్లు పట్టుకుని సాహెబుగారి కొట్టుకి వెళ్ళడం అంతకంటే కష్టమైంది. ఆయన ‘నేను చెప్పలేదా’ అంటారని దారంతా జవాబులు కూడబలుక్కున్నాను. ఆయన అనలేదు. నన్ను మొదటిసారి చూస్తున్నట్టు, ఎండ ఎన్ని గంటలు, సాయంత్రం పనేటి, ఎదర ఎవరి కిటికీ అని అవే మూడు ప్రశ్నలు మళ్ళీ అడిగారు. ఈసారి మూడో ప్రశ్నకి నేను జవాబు చెబుతూ ఏడ్చేశాను. ఆయన కంగారుపడి చిన్న దీపాలు నాలుగు కాగితంలో చుట్టి చేతిలో పెట్టారు. వాటిని బాత్రూము దాకా దారి పక్కన మట్టిలో గుచ్చాం. ఆ సాయంత్రం అత్తయ్య గట్టు మీద ఒక్క క్షణం ఆగి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఆ నాలుగు పసుపు చుక్కల మధ్య నుంచి నెమ్మదిగా నడిచి వెళ్ళారు. నా చెయ్యి అడగలేదు.

ఇంక పార్కు మిగిలింది. చెప్పిన నోటితోనే దిద్దుకోవాలి కదా. గుంపుని ఆపి, తప్పంతా నాదేనని, వాళ్ళది కుళ్ళు కాదని, నిద్ర చాలక కిటికీ మూసుకున్నారని ఒక్క గుక్కలో చెప్పాను. అందరిలోకీ పెద్దావిడ చెప్పులు సర్దుకుంటూ, “దానికేటమ్మా, నువ్వన్నది మేం ఎప్పుడు నమ్మినాం? కొత్తగా వొచ్చిన పిల్ల, నోరు కూసింత జాస్తి, అదే తగ్గుద్దిలే అనుకున్నాం” అంది. మిగతావాళ్ళు తలలూపి నడక సాగించారు. నేను పరువు తీశాననుకున్నవాళ్ళ పరువు చెక్కుచెదరలేదు. పోయింది ఎవరిదో ఆ బెంచీ మీద కూర్చుంటే నాకు తెలిసొచ్చింది.

ఇది జరిగి తొమ్మిదేళ్ళయింది. క్రేనన్నయ్య వాళ్ళు ఇప్పుడు మద్దిలపాలెం వైపు వెళ్ళిపోయారు. పెళ్ళిళ్ళలో కలిస్తే ఆయన నన్ను, “మా మెమో రాసి పెట్టిన సెల్లెమ్మ” అని అందరికీ పరిచయం చేస్తాడు. వదిన పక్కన నిలబడి నవ్వుతుంది గాని, లైటు ఊసు ఎత్తదు. ఎత్తితే బాగుండునని, ఎత్తకపోతేనే బాగుండునని ఒకేసారి అనిపిస్తుంది. ఇంట్లో నేను ఏ కొత్త వస్తువు గురించైనా గట్టిగా మాట్లాడటం మొదలుపెడితే మా ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా వింటారు. అప్పుడు మధ్యలో ఆగిపోయి, ‘మీరేమంటారు?’ అని అడుగుతాను. ఆ రోజుల్లో ఈ రెండు మాటలూ నాకు వచ్చి ఉంటే అని నవ్వుకుంటాను. పట్టిక పట్టుకుని నిచ్చెన కింద నిలబడి, ఇంకొంచెం అటు, ఇంకొంచెం అటు అంటున్న ఆ పిల్ల మీద కోపం ఎప్పుడో పోయింది. దగ్గరికెళ్ళి చెయ్యి కిందకి దించాలనిపిస్తుంది, అంతే.