పక్కగది అమ్మాయిని ‘మీరు’ అన్నందుకు

2004లో నేను మేడ్చల్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫ్రెంచ్ చెబుతుండేదాన్ని. ఇంజనీరింగ్ పిల్లలకి ఫ్రెంచ్ ఎందుకని అందరూ అడిగేవాళ్లు. మా కాలేజీకి ఫ్రాన్సులో ఒక యూనివర్సిటీతో ఎక్స్ఛేంజ్ ఒప్పందం ఉండేది. ఇక్కడి విద్యార్థి ఏడాదిపాటు అక్కడికి వెళ్లి చదువుకోవచ్చు, ఆ మార్కులు ఇక్కడ చెల్లుతాయి. వెళ్లేవాళ్లకి భాష నేర్పడం, అక్కడ కుదురుకునేదాకా ఫోన్లో కనిపెట్టుకుని ఉండడం నా పని.

అంతకుముందు మగపిల్లలే వెళ్లారు. వెళ్లిన మొదటి అమ్మాయి స్రవంతి. వాళ్లది ఆ దగ్గర్లోనే రావల్కోల్ అనే ఊరు. తండ్రి బాల్‌రెడ్డి గారు ఒకసారి సర్పంచ్‌గా చేశారు. వ్యవసాయం ఉంది, కొత్తగా ప్లాట్ల వ్యాపారంలోకి దిగారు. ఆడపిల్లను అంత దూరం పంపొద్దని తమ్ముళ్లు గొడవపెట్టుకున్నా వినకుండా పంపించారు. స్రవంతి ఎలా ఉందో చూసి తమ పిల్లల సంగతి తేల్చుకుందామని జూనియర్ బ్యాచ్‌లో ఇద్దరమ్మాయిల తల్లిదండ్రులు ఎదురుచూస్తున్నారు.

సెప్టెంబరు చివర్లో ఒక మధ్యాహ్నం బాల్‌రెడ్డి గారు మా స్టాఫ్‌రూమ్‌కి వచ్చారు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

“మేడమ్, నా బిడ్డ దినాం ఏడుస్తాంది. అక్కడ ఎవ్వరు మాట్లాడ్తలేరట. క్లాసుకు పోతది, రూముకొస్తది, తలుపేస్కుంటది. నేనైతే వాపస్ రమ్మంటున్న. నువ్వేమంటవ్?”

ఆయన అందరినీ నువ్వనే అంటారు, కలెక్టరునైనా సరే. మాది కాకినాడ. కొత్తలో ఉలిక్కిపడేదాన్ని కానీ, అందులో ఆప్యాయత తప్ప ఇంకేమీ లేదని తర్వాత తెలిసింది.

“చదువు అర్థం కావడం లేదా?” అన్నాను.

“చదువు మంచిగనే సమజైతాందట. మనుషులే సమజైతలేరు. మా తమ్ముళ్లు రోజు అంటున్నరు, ముందే చెప్పినం గదా అని. ఇగ నేను పరేషాన్ అయితున్న.”

అది స్రవంతి ఫోన్ చేసే వేళ. కాసేపటికి ఆయన మొబైల్ మోగింది. రెండు మాటలు మాట్లాడి నాకిచ్చారు. అవతల స్రవంతి ముక్కు ఎగబీల్చింది.

“మేడమ్, నేనొస్త. నాతోని అయితలేదు.”

“వచ్చేద్దువుగాని. ముందు ఒకటి చెప్పు. ఈ మధ్య ఎవరితోనైనా మాట్లాడబోతే మాట్లాడకుండా పోయారా?”

“ఎలొడీ అని నా పక్కరూమే ఉంటది మేడమ్. అందరికి ఒకటే వంటిల్లు. నిన్న ఉప్పు అడిగిన. ఇచ్చింది, గింత కూడ నవ్వలే, ప్లేటు పట్కొని పోయింది.”

“ఏమని అడిగావో అదే ఫ్రెంచ్‌లో చెప్పు, ఒక్క ముక్క మార్చకుండా.”

చెప్పింది. ఒక్క తప్పు లేదు. పరీక్షలో అయితే పూర్తి మార్కులు వేసేదాన్ని. దాన్ని తెలుగులోకి మారిస్తే ఇలా ఉంటుంది: “కుమారి గారూ, తమరు దయచేసి ఉప్పు ఇప్పించగలరా?” మన లేడీస్ హాస్టల్ మెస్‌లో కొత్తగా చేరిన పిల్ల పక్కపిల్లని ఇలా అడిగితే ఏమనుకుంటారు? ఎక్కడ లేని గొప్ప అనుకుంటారు, లేకపోతే మనమంటే గిట్టదనుకుంటారు. నాకు నవ్వాగలేదు.

బాల్‌రెడ్డి గారు కనుబొమలు ముడిచారు. “ఏందమ్మా, పిల్ల ఏడుస్తుంటే నువ్వు నవ్వుతున్నవ్?”

ఆయనకి విడమరిచి చెప్పాను. ఫ్రెంచ్‌లో ‘త్యు’ అంటే నువ్వు, ‘వు’ అంటే మీరు. పెద్దవాళ్లని, కొత్తవాళ్లని ‘వు’ అనాలని ఏ పాఠ్యపుస్తకమైనా చెబుతుంది. కానీ కాలేజీ పిల్లలు ఒకరినొకరు మొదటి రోజు నుంచే ‘త్యు’ అనుకుంటారు. తోటివాళ్లు ‘వు’ అన్నారంటే, దూరంగా ఉండమని చెప్పినట్టే.

“గింతేనా?” అన్నారాయన. అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

ఫోన్లో స్రవంతికీ అదే చెప్పి, “నేను ఎలొడీని. నన్ను ఉప్పడుగు” అన్నాను. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ ‘వు’ దగ్గరికే వచ్చింది.

“నోరొస్తలేదు మేడమ్. తిట్టినట్టు అనిపిస్తాంది.”

“మీ నాన్నగారిని నువ్వంటావు కదా. తిట్టినట్టా?”

“నాయినను వేరే ఎట్లంట? మావోడు గదా.”

“అక్కడ కూడా అంతే. మా మనిషివే అని చెప్పడానికే ఆ మాట.”

 నాలుగోసారి చిన్నగా, తప్పు చేస్తున్నదానిలా, ‘త్యు’ పెట్టి ఉప్పు అడిగింది. ఈసారి మిరియాలు అడగమన్నాను, తర్వాత చాకు, తర్వాత ఆదివారం బజారుకి తోడు. చివరికి గొంతు తేలికపడింది. బతుకమ్మ దాకా ఆగుదామని నేనన్నాను. “సరే తియ్, అప్పటిదాక తమ్ముళ్లను నేను జూస్కుంట” అన్నారు బాల్‌రెడ్డి గారు.

తర్వాతి ఫోన్ నాకే వచ్చింది. స్రవంతి మాటల మధ్య వెనక నుంచి ఎవరో నవ్వుతున్నారు. ఎలొడీయేనట. అలవాటు బాగా ముదిరి, స్టూడెంట్ కార్డు తీసుకోవడానికి వెళ్లినప్పుడు ఆఫీసులో తల నెరిసిన ఆవిడని కూడా ‘త్యు’ అనేసిందట.

“ఆమె అద్దాలు తీసి నన్ను పైనుంచి కిందిదాక జూసింది మేడమ్. నాకు చెమట్లు. అప్పుడు నాతోని వచ్చిన ఎలొడీ చెప్పింది, ‘పాపం, ఈమెకు త్యు వచ్చి వారమే అయింది, అందరికీ పంచిపెడుతోంది’ అని. ఆమె నవ్వింది. కార్డు ఇచ్చుకుంట ఆమె గూడ నన్ను త్యు అన్నది.”

బతుకమ్మ పండుగకి అక్కడ తంగేడు, గునుగు పూలు ఎక్కడ దొరుకుతాయి? బజారులో రంగురంగుల చామంతులు కుప్పలుగా కనిపిస్తే స్రవంతి చేతినిండా కొనుక్కొచ్చింది. వంటింట్లో అందరూ చేస్తున్న పని ఆపేశారు. ఎలొడీ దగ్గరికొచ్చి భుజంమీద చెయ్యేసి, ఇంట్లో ఎవరు పోయారని అడిగింది. ఆ దేశంలో చామంతులు సమాధుల మీద పెట్టే పూలట. స్రవంతికి విషయం తెలిసి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. తను తలుపేసుకుని ఉన్నన్నాళ్లూ ఎవరికీ పట్టదనుకుంది. ఇప్పుడు అరడజను మంది ఆమె చుట్టూ నిలబడి ఉన్నారు. ఆ పూలతోనే పళ్లెంలో బతుకమ్మను పేర్చి, హాస్టల్ వెనక గడ్డిలో పెట్టి, వాళ్లందరికీ చప్పట్లు కొట్టడం నేర్పిందట. బాల్‌రెడ్డి గారు ఆమె పంపిన ఫొటో పెద్దది చేయించి ఊళ్లో తన తమ్ముళ్లకి చూపించారు. ఆ తర్వాత వెనక్కి రప్పించే మాట ఎవరూ ఎత్తలేదు. స్రవంతి ఏడాదీ పూర్తిచేసుకునే వచ్చింది. మరుసటి ఏడు జూనియర్లు ఇద్దరూ వెళ్లారు.

స్రవంతి తిరిగొచ్చిన ఏడు డిసెంబరులో ఎలొడీ మన దేశం చూడ్డానికొచ్చి రావల్కోల్‌లో దిగింది. స్రవంతి ఆమెను బహదూర్‌పల్లిలో మా ఇంటికి తీసుకొచ్చింది. కాకినాడ నుంచి వచ్చిన మా అత్తగారు వరండాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. ఎలొడీ చెప్పులు విడిచి, ఆవిడ ముందు చేతులు జోడించి, స్పష్టంగా అడిగింది.

“అవ్వా, నువ్వు మంచిగున్నవా?”

మా అత్తగారిని ఇంట్లో ఎవరూ నువ్వనరు. మామగారు పోయాక అలా పిలిచే మనిషే లేరు. స్రవంతి నాలుక కరుచుకుంది. అత్తగారు చేతిలో చిక్కుడుకాయ అలాగే పట్టుకుని ఆ అమ్మాయి మొహంలోకి చూశారు. తర్వాత పక్కకి జరిగి, చాపమీద చోటు చేశారు.

“బాగానే ఉన్నానమ్మా. రా, ఇలా కూర్చో.”

అప్పటినుంచి కొత్త బ్యాచ్ వస్తే మొదటి గంట పుస్తకం తెరవను. మీ ఇంట్లో ఎవరిని నువ్వంటారు, ఎవరిని మీరంటారు, ఎందుకు అని అడుగుతాను. గుంటూరు పిల్లలు, మేడ్చల్ పిల్లలు వాదించుకుంటారు, గంట కొట్టినా ఆగరు. వ్యాకరణం తప్పినా అక్కడివాళ్లు సర్దుకుంటారు. మనకెంత దగ్గరగా వచ్చి నిలబడాలో మాత్రం మన మాటను బట్టే తేల్చుకుంటారు. అది పిల్లలకి విమానం ఎక్కకముందే తెలియాలి.