ఆపేదేదీ లేని చోటికి

మూడేళ్లుగా ప్రయోగశాలలో ఒంటరిగా నేను చేస్తున్న పనేమిటని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. కాటారంలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ముసలామె అడిగింది.

"లేజర్ వెలుగుతోని లోహాన్ని కొడతమవ్వా. దాని పైపొర ఆవిరై ఎనుకకు ఎగురుతది. ఆ తోపుకు, ఆ లోహం అతికి ఉన్న నౌక అంతరిక్షంల ముందుకు పోతది," అన్నాను.

"అంటే తనను తాను జరంత కాలవెట్టుకుంటనే పోవాలె. అంత కాలిపోయినంక ఆగుతదా బిడ్డా?"

"ఆగదు. అక్కడ గాలి సుత ఉండదు, ఆపెటిది ఏదీ లేదు. పోతనే ఉంటది."

"ఒక్కతేనా?"

"ఒక్కతే."

"మరి మీరన్నా దాంతోని రోజూ మాట్లాడుండ్రి. మా ముసలాయన పోయినంక మాట్లాడెటోళ్లు లేక నా నోరు పిడచగట్టుకపోయింది."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. భూపాలపల్లి వచ్చేదాకా ఆమె దాన్ని వెనక్కి తీసుకోలేదు. దిగాక, దవాఖాన చీటీ పట్టుకుని ఒక్కతే నడిచి వెళ్లిపోయింది. పేరైనా అడగలేదు నేను.

ఇప్పుడు ప్రయోగశాలలో లేజర్ వేసే ముందు, చుట్టూ ఎవరూ లేరని చూసుకుంటాను. ఆ దెబ్బకు వెంట్రుకవాసి మాత్రమే కదిలే అల్యూమినియం ముక్కతో, మెల్లగా, "పోయిరా" అంటాను.